షీట్ ఫిల్ము: దాచుకోవడం, మోసుకెళ్ళడం



కొన్నేళ్ళ క్రితం ఒక ఆదివారం పొద్దున సిరుగుప్ప వైపు పల్లె నుంచి ఒక పెద్దావిడ మా ఇంటికి వచ్చింది. చేతిలో నాలుగు మడతలు పడిన పాత రసీదు. మా మేనమామ బళ్ళారిలో చాలా ఏళ్ళు ఫోటో స్టూడియో నడిపారు. ఆయన పోయాక స్టూడియో మూతపడింది. నెగటివ్ పెట్టెలన్నీ మా ఇంటికి చేరాయి. ఆ రసీదు ఆ స్టూడియోదే.

"అయ్యవారూ, మా ఆయన ఫోటో ఇదొక్కటే ఉండేది. గోడకున్నదాన్ని చెదలు తినేసింది. సరిగ్గా ముఖం దగ్గరే పోయింది. దీని అసలుది మీ మామ పెట్టెల్లో ఉంటుందంట కదా, కాస్త వెతికి చూస్తావా నాయనా?" అని అడిగింది. రసీదు మీద 1974 అని సంవత్సరం, దాని పక్కన ఒక నంబరు ఉన్నాయి.

ఆ నెగటివ్ సంగతి చివర చెబుతాను. అది అర్థం కావాలంటే ముందు ఆ ఫిల్ము ఎలాంటిదో, దాన్ని ఎలా దాచాలో, ఎలా మోసుకెళ్ళాలో తెలియాలి. ఈ రోజు ప్రసంగం దాని గురించే.

మనలో నలభై దాటినవాళ్ళకు స్కూల్లో గ్రూప్ ఫోటో తీసిన రోజు గుర్తుండే ఉంటుంది. మూడు కాళ్ళ స్టాండు మీద పెద్ద చెక్క కెమెరా. ఫోటోగ్రాఫరు నల్లగుడ్డలో తల దూర్చి చాలాసేపు చూసేవాడు. తరువాత కెమెరా వెనక ఒక బల్లచెక్క లాంటిది తోసి, దానిలోంచి ఒక రేకును పైకి లాగి, "కదలకండి" అనేవాడు. ఆ బల్లచెక్క లాంటిదే ఫిల్మ్ హోల్డరు. దానిలో ఉండేదే షీట్ ఫిల్ము. మన స్టూడియోల భాషలో కట్ ఫిల్ము.

చిన్న కెమెరాల్లో వాడే ఫిల్ము చుట్టగా ఉంటుంది. షీట్ ఫిల్ము అలా కాదు. ఒక్కొక్క ఫోటోకు ఒక్కొక్క రేకు. మన స్టూడియోల్లో ఎక్కువగా వాడింది హాఫ్ ప్లేట్ సైజు. అంటే నాలుగుముప్పావు అంగుళాల వెడల్పు, ఆరున్నర అంగుళాల పొడవు. ఇప్పటికీ ప్రపంచంలో ఎక్కువగా దొరికేది నాలుగు అంగుళాలు, అయిదు అంగుళాల సైజు. చిన్న చుట్ట ఫిల్ము మీద పడే బొమ్మకంటే దీని మీద పడే బొమ్మ సుమారు 15 రెట్లు పెద్దది. అందుకే పాత గ్రూప్ ఫోటోలో చివరి వరుసలో నిలబడ్డవాడి చొక్కా గుండీలు కూడా లెక్కపెట్టవచ్చు. ఈ ఒక్క మాట గుర్తుపెట్టుకోండి. చివర మళ్ళీ అవసరమవుతుంది.

ఈ ఫిల్ముకు శత్రువులు నలుగురు. వెలుగు, వేడి, తేమ, దుమ్ము. ఫోటో తీసేదాకా నలుగురితోనూ ప్రమాదమే. ఫిల్మును కడిగి నెగటివ్ తయారయ్యాక వెలుగు భయం తగ్గుతుంది. మిగిలిన ముగ్గురూ జీవితాంతం వెంటాడుతూనే ఉంటారు.

ముందు వెలుగు సంగతి చూద్దాం. కొత్త షీట్ ఫిల్ము పెట్టెకు ఒకదానిలో ఒకటి దిగే మూడు అరలుంటాయి. అంటే మూత మీద మూత. లోపల వెలుగు చొరని సంచిలో ఫిల్ము రేకులుంటాయి. నేను ఎనిమిదో తరగతి చదువుతున్నప్పుడు, ఎండాకాలం సెలవుల్లో మామ దగ్గర ఉండగా, పెట్టెలో ఎన్ని రేకులు మిగిలాయో లెక్కపెట్టి చెబుదామని పట్టపగలు మూత తీశాను. మంచి పని చేస్తున్నాననుకున్నాను. ఒక్క క్షణంలో పెట్టెడు ఫిల్మూ చెడిపోయింది. మామ కొట్టలేదు, తిట్టలేదు. ఆ రేకులన్నీ నా చేతికే ఇచ్చి, "ఇవి ఇక నీవి. వీటితో చీకట్లో హోల్డరు నింపడం నేర్చుకో" అన్నారు. ఆ సెలవులంతా కళ్ళు మూసుకుని అదే నేర్చుకున్నాను.

చీకట్లో నేర్చుకోవలసిందేమిటి అంటారేమో. షీట్ ఫిల్ముకు ఒక మూల చిన్న చిన్న గాట్లుంటాయి. ఒక్కొక్క రకం ఫిల్ముకు ఒక్కొక్క వరుస గాట్లు. రేకును నిలువుగా పట్టుకున్నప్పుడు ఆ గాట్లు పైన కుడిచేతి మూలకు వస్తే, మందు పూసిన వైపు మన ముఖానికి ఎదురుగా ఉన్నట్టు. చీకట్లో కంటికి బదులు వేలే చూస్తుంది. గుడ్డివాడు లిపిని తడిమి చదివినట్టే ఇదీ. పాతకాలపు కొన్ని ఫిల్ములను ఎర్రబల్బు వెలుతురులో ముట్టుకోవచ్చు. అవి ఎరుపును గుర్తించవు. అన్ని రంగులనూ పట్టే పాంక్రోమాటిక్ ఫిల్ముకు మాత్రం ఎర్రబల్బు కూడా విషమే. దానికి కటిక చీకటి కావాలి. డార్క్ రూమ్‌లో తలుపు మూసుకుని అయిదు నిమిషాలు ఊరికే నిలబడండి. కళ్ళు చీకటికి అలవాటు పడ్డాక తలుపు సందులోంచి సన్నటి గీత కనిపించిందా, ముందు ఆ గీతకు గుడ్డ అడ్డం పెట్టండి. డార్క్ రూమ్ లేనప్పుడు, ప్రయాణంలో ఉన్నప్పుడు, చేతులు దూర్చేందుకు రెండు చొక్కా చేతులుండే నల్లటి సంచి వాడతారు. దాన్ని ఛేంజింగ్ బ్యాగ్ అంటారు. మన ఎండల్లో ఆ సంచిలో చేతులు పెట్టగానే చెమట పడుతుంది. చెమట చేత్తో ఫిల్ము మధ్యలో ముట్టుకుంటే వేలిముద్ర శాశ్వతంగా ఉండిపోతుంది. అందుకని చల్లటి వేళ, నీడపట్టున, చేతులు కడిగి బాగా తుడుచుకుని, రేకును అంచుల దగ్గరే పట్టుకుని ఆ పని చేయాలి.

హోల్డరులో రెండు వైపులా రెండు రేకులు పడతాయి. ఒక్కొక్క వైపు వెలుగుకు అడ్డంగా ఒక డార్క్ స్లైడు ఉంటుంది. దాని పైఅంచు ఒక వైపు తెల్లగా, ఒక వైపు నల్లగా ఉంటుంది. తెలుపు బయటికి కనిపిస్తే లోపలి ఫిల్ము ఇంకా వాడనిది. ఫోటో తీశాక స్లైడును తిప్పి, నలుపు బయటికి వచ్చేలా పెట్టాలి. చీకట్లో చేతికి తెలియడానికి తెలుపు వైపు చిన్న చిన్న బొడిపెలు కూడా ఉంటాయి. ఎంత అనుభవమున్నవాళ్ళయినా ఇక్కడే పొరపడతారు. స్లైడు తిప్పడం మరిచిపోయి ఒకే ఫిల్ము మీద రెండు ఫోటోలు తీస్తారు. ఒకే రేకు మీద ఒక పెళ్ళి, ఇంకొక చావు కలిసిపోయిన సంగతి మామ చెప్పేవారు. ఇల్లు వాకిలి ఊడ్చినంత శ్రద్ధగా హోల్డర్లను మెత్తటి బ్రష్షుతో తుడవాలి. దుమ్ము కణం ఒకటి ఫిల్ము మీద వాలితే, ఫోటోలో అది నల్లచుక్కై ముఖం మీద పుట్టుమచ్చలా కూర్చుంటుంది. నింపిన ప్రతి హోల్డరునూ విడివిడిగా పాలిథీన్ సంచిలో పెట్టి, పైన నంబరు రాసి, ఆ నంబరు ఎదురుగా ఒక చిన్న పుస్తకంలో ఫిల్ము రకం, తేదీ, ఏం తీశామో రాసుకోవాలి.

ఇక వేడి సంగతి. బళ్ళారి ఎండ గురించి మనకు వేరే చెప్పనక్కరలేదు. ఎండాకాలంలో నలభై డిగ్రీలు దాటడం మామూలే. వాడని ఫిల్మును ఫ్రిజ్‌లో దాచుకోవచ్చు. సుమారు 13 డిగ్రీల లోపు ఉంటే అది తన గడువు దాకా బాగుంటుంది. చాలా ఏళ్ళు దాచాలంటే ఫ్రీజర్‌లో పెడతారు. కానీ ఫ్రిజ్‌లోంచి తీసిన వెంటనే పెట్టె తెరవకూడదు. చల్లటి నీళ్ళ గ్లాసు బయట పెడితే దాని ఒంటికి చెమట పట్టడం మనం చూస్తాం కదా! అలాగే చల్లటి ఫిల్ము మీద గాలిలోని తేమ నీరై పడుతుంది. ఫ్రిజ్‌లోంచి తీసిన పెట్టెను మూసినది మూసినట్టే రెండు మూడు గంటలు బయట ఉంచాలి. ఫ్రీజర్‌లోంచి తీస్తే ఒక రాత్రంతా ఉంచాలి. మా వైపు ఎండిన గాలి కాబట్టి ఈ నియమం తప్పితే ఒక్కోసారి బతికిపోతాం. యానాంలోనూ, బరంపురం వైపు సముద్రపు గాలి తగిలే ఊళ్ళలోనూ వినే శ్రోతలు మాత్రం దీన్ని అసలు తప్పకూడదు.

మోసుకెళ్ళడం దగ్గరికి వద్దాం. షీట్ ఫిల్ము మోయడంలో మొదటి పాఠం, ఎన్ని రేకులు మోయగలమో అన్ని ఫోటోలే తీయగలమన్నది. అమెరికాలో ఆన్సెల్ ఆడమ్స్ అనే ప్రసిద్ధ ఫోటోగ్రాఫరు 1927 ఏప్రిల్‌లో యోసెమిటీ కొండల్లో హాఫ్ డోమ్ అనే పెద్ద రాతిగోడను ఫోటో తీయడానికి వెళ్ళారు. అప్పటికి ఆయన వాడింది గాజు ప్లేట్లు. మంచులో కొండెక్కుతూ డజను ప్లేట్లు మోసుకెళ్ళారు. కొండ ఎదుటికి చేరేసరికి చేతిలో రెండే మిగిలాయి. ఒకటి మామూలుగా తీశారు. చివరిదాన్ని ముదురు ఎరుపు ఫిల్టరు పెట్టి, ఆకాశం నల్లబడేలా తీశారు. ఆయన పేరు నిలబెట్టిన ఫోటోల్లో అది ఒకటి. అదే ఆడమ్స్ డార్క్ రూమ్‌లో 1937లో నిప్పంటుకుని వేల నెగటివ్‌లు కాలిపోయాయి. కొండ మీద ఒక్క ప్లేటును గుండెల్లో పెట్టుకుని దించిన మనిషికే, ఇంట్లో దాచుకున్నవి దక్కలేదు. మోయడం ఎంత పనో దాచడం కూడా అంత పనే అనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

మన ప్రయాణాల్లో కొన్ని జాగ్రత్తలు చెబుతాను. ఎండలో నిలబెట్టిన కారులోనూ, బస్సు టాపు మీదా, ఇంజను దగ్గరా ఫిల్ము పెట్టెను ఎప్పుడూ ఉంచకండి. గట్టి మూత ఉన్న డబ్బాలో, అడుగున మెత్తటి గుడ్డ వేసి, హోల్డర్లను నిలువుగా కదలకుండా సర్దండి. వాడిన ఫిల్మును వాడని ఫిల్ముతో ఒకే డబ్బాలో కలపకండి. వాడినదాని పెట్టెకు అడ్డంగా టేపు చుట్టి, "వాడినది, చీకట్లోనే తెరవండి" అని పెద్ద అక్షరాలతో రాయండి. తెలుగు, కన్నడం, ఇంగ్లీషు మూడింటిలోనూ రాస్తే ఇంకా మంచిది. సరిహద్దులో ఉండేవాళ్ళం, పెట్టె ఎవరి చేతికి చిక్కుతుందో చెప్పలేం. ఫోటో తీసిన ఫిల్మును నెలల తరబడి అట్టే ఉంచకుండా వీలయినంత త్వరగా కడిగించండి.

విమానంలో వెళ్ళేవాళ్ళకు ఇంకొక మాట. కడగని ఫిల్మును లగేజీలో వేయకండి. అక్కడ సామాను తనిఖీ చేసే ఎక్స్‌రే చాలా గట్టిది. చేతిసంచిలోనే ఉంచుకుని, చేత్తో తనిఖీ చేయమని మర్యాదగా అడగండి. ఇప్పుడు చాలా విమానాశ్రయాల్లో చేతిసంచులకు కూడా కొత్త రకం సీటీ స్కానర్లు వచ్చాయి. వాటిలో ఒక్కసారి పెట్టినా ఫిల్ము మసకబారవచ్చు. రైల్వే స్టేషన్లలోనూ, మెట్రోలోనూ ఉండే మామూలు ఎక్స్‌రే అంత గట్టిది కాదు. కానీ ఎన్నిసార్లు పెడితే అన్ని దెబ్బలూ ఫిల్ము మీద పోగవుతాయి. కడిగిన నెగటివ్‌లకు ఎక్స్‌రేతో భయం లేదు. వాటిని నిశ్చింతగా తీసుకువెళ్ళవచ్చు.

ఇక మనలో ఎక్కువమందికి పనికివచ్చే సంగతి, ఇంట్లో ఉన్న పాత నెగటివ్‌లను కాపాడుకోవడం. మన ప్రాంతంలో మూతపడిన స్టూడియోలు ఎన్నో ఉన్నాయి. వాటి నెగటివ్‌లు అటకల మీదా, గోడౌన్లలోనూ మగ్గుతున్నాయి. కొన్ని పాత సామాను బండి ఎక్కిపోయాయి. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు ఆదోని, ఆలూరు, రాయదుర్గం తాలూకాలు అటు వెళ్ళాయి. బళ్ళారి, సిరుగుప్ప, హోస్పేట లాంటివి ఇటు మైసూరులో కలిశాయి. గీత గీసినంత మాత్రాన చుట్టరికాలు తెగవు కదా. పిల్లనిచ్చిందీ, తెచ్చుకున్నదీ ఆ గీతకు రెండు వైపులానే. ఆ పెళ్ళిళ్ళ లెక్క ఏ ఆఫీసు పుస్తకంలోనూ లేదు. స్టూడియో నెగటివ్‌లలో ఉంది.

ఈ ఫిల్ముల ఆధారంలో మూడు రకాలున్నాయి. చాలా పాతవి నైట్రేట్ ఫిల్ములు. అవి నిప్పు తగిలితే భగ్గుమంటాయి. అంచున "సేఫ్టీ" అనే ఇంగ్లీషు మాట లేని బాగా పాత ఫిల్ము కనిపిస్తే, దీపానికీ పొయ్యికీ దూరంగా పెట్టి తెలిసినవాళ్ళకు చూపించండి. తరువాత వచ్చింది అసిటేట్ ఫిల్ము. అది మంటకు భయపడనక్కరలేనిదే. కానీ వేడిలో, తేమలో నెమ్మదిగా కుళ్ళి ఆమ్లం విడుదల చేస్తుంది. పెట్టె తెరవగానే వినిగర్ లాంటి పులుపు వాసన వస్తే ఆ జబ్బు మొదలైనట్టే. 21 డిగ్రీల వేడి, గాలిలో సగం తేమ ఉన్న గదిలో కొత్త అసిటేట్ ఫిల్ముకు ఈ జబ్బు పట్టడానికి సుమారు 40 ఏళ్ళు పడుతుందని నిపుణుల లెక్క. మన ఇళ్ళలో 21 డిగ్రీలు ఎక్కడివి? అందుకే ఇక్కడ ఇంకా త్వరగా వస్తుంది. ఒక పెట్టెలో ఒకటి కుళ్ళితే దాని ఆవిరి పక్కవాటికీ అంటుతుంది. మూడోది పాలియెస్టర్ ఫిల్ము. దానికి ఈ జబ్బు లేదు.

కాబట్టి ఏం చేయాలి? పులుపు వాసన వచ్చేవాటిని వెంటనే విడదీసి వేరే పెట్టెలో, గాలి ఆడేలా ఉంచండి. పాలిథీన్ సంచిలో బిగించి కట్టకండి, రబ్బరు బ్యాండు వేయకండి. ఒక్కొక్క నెగటివ్‌ను ఒక్కొక్క మంచి కాగితపు కవరులో పెట్టండి. కవరుకు జిగురు అంటించిన అతుకు మందు వైపు తగలకూడదు. కవర్లను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా పుస్తకాల్లా నిలబెట్టండి. బీరువాలో కలరా ఉండలు వేయకండి. అటక ఇంట్లోకెల్లా వేడి చోటు, అక్కడ అసలే వద్దు. ఉత్తరం వైపు గదిలో, నేలకు జానెడు ఎత్తున, గోడకు ఆనకుండా ఉంచండి. బూజు పట్టిన నెగటివ్‌ను తడిగుడ్డతో తుడవకండి. ఫిల్ము మీది బొమ్మ జెలటిన్ పొరలో ఉంటుంది. బూజు ఆ జెలటిన్‌నే తింటుంది. తిన్నచోట అది నీళ్ళకు కరిగిపోతుంది. తడిగుడ్డతో తుడిస్తే బూజుతోపాటు ముఖం కూడా వచ్చేస్తుంది.

హైదరాబాదు నిజాముల ఆస్థాన ఫోటోగ్రాఫరు రాజా దీన్ దయాళ్ 1905లో కన్నుమూశారు. ఆయన తీసిన 2,800కు పైగా గాజు నెగటివ్‌లు ఢిల్లీలోని ఇందిరాగాంధీ జాతీయ కళాకేంద్రంలో ఉన్నాయి. రాజులను తీసిన ఫోటోలకు అలాంటి చోటు దొరికింది. మన సరిహద్దు పల్లెల్లో రైతులనూ, కూలీలనూ తీసిన ఫోటోలకు మన ఇళ్ళే కళాకేంద్రాలు.

ఇప్పుడు ఆ పెద్దావిడ నెగటివ్ సంగతి. 1974 పెట్టె తెరిచాను. తెరవగానే పులుపు వాసన ముక్కు పట్టేసింది. రేకులన్నీ ఒక పాలిథీన్ సంచిలో రబ్బరు బ్యాండు వేసి ఉన్నాయి. ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి. రసీదు నంబరున్న రేకు ఆ ముద్దలో ఎక్కడో ఉంది. ఆ సంచి ఎవరు కట్టారో నాకు తెలుసు. స్టూడియో ఖాళీ చేసిన రోజు, చెమటలు కారుతుండగా, త్వరగా పని ముగించాలని కట్టింది నేనే. అటక మీద పెట్టిందీ నేనే. కట్టింది కట్టినట్టే, మళ్ళీ తెరిచి చూడలేదు. మామ కవర్లలో పెట్టి ఉంచినవాటిని కవర్లు చోటు తింటున్నాయని తీసి పారేసిందీ నేనే. ఆవిడకు ఆ మాట చెప్పాను. ఆవిడ కాసేపు మాట్లాడలేదు. తరువాత "ఎండలో పెడితే విడిపోవా?" అని అడిగింది. విడిపోవన్నాను.

నేను ముట్టుకోని పెట్టెలు నాలుగు మిగిలాయి. వాటిలో కవర్లు కవర్లుగా, మామ చేతిరాతతో తేదీ, ఊరు, ఇంటిపేరు రాసి ఉన్నాయి. "ఆ ఏడాది మీ ఇళ్ళలో పెళ్ళేమైనా జరిగిందా అవ్వా?" అని అడిగాను. అంతకు ముందటేడు ఆలూరులో ఆడపడుచు పెళ్ళి జరిగిందని చెప్పింది. 1973 పెట్టెలో ఆలూరు అని రాసిన కవరు దొరికింది. హాఫ్ ప్లేట్ నెగటివ్, ముప్పైమందికి పైగా ఉన్న గ్రూపు. కిటికీ వెలుతురుకు పట్టుకుని చూపించాను. నెగటివ్‌లో తెలుపు నలుపుగా, నలుపు తెలుపుగా ఉంటుంది కదా, ఆవిడకు ఎవరూ గుర్తు పట్టడానికి రాలేదు. సెల్‌ఫోనుతో ఫోటో తీసి, రంగులు తిరగేసి చూపించాను. చివరి వరుసలో తలపాగా చుట్టుకుని, మెడ చాచి చూస్తున్న మనిషి మీద వేలు పెట్టింది. ముఖం శనగగింజంత ఉంది. షీట్ ఫిల్ము కాబట్టి, ఆ శనగగింజను పెద్దది చేస్తే మీసం వెంట్రుకలతో సహా వచ్చింది. ఆ ఫోటో ఇప్పుడు వాళ్ళింటి గోడకు ఉంది.

శ్రోతలారా! మీ ఇంట్లోనో, మీకు తెలిసిన స్టూడియో వాళ్ళ ఇంట్లోనో అలాంటి పెట్టె ఉంటే ఈ ఆదివారం దాన్ని ఒకసారి తెరవండి. వాసన చూడండి. కవరు లేనివాటికి కవరు వేయండి. ఇంట్లో పెద్దవాళ్ళను పక్కన కూర్చోబెట్టుకుని, ఎవరు ఎవరో కవరు మీద పెన్సిలుతో రాయండి. రాశాకే నెగటివ్‌ను అందులో పెట్టండి. కిటికీ వెలుతురులో సెల్‌ఫోనుతో ఒక ఫోటో కూడా తీసి ఉంచండి. ఇంత చేయడానికి ఒక పూట చాలు. నేను ఆ పూట కేటాయించలేదు. అందుకే ఈ నాలుగు మాటలు చెప్పాలనిపించింది.